మస్తాన్ నాకు చెప్పకుండా పెట్టిన బాక్సులు

నిన్న పొద్దున కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే ఓ స్నేహితుడి ఫోన్ వచ్చింది.

"శీనూ, మస్తాన్ పోయాడ్రా. చీరాల ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే."

హార్ట్ ఎటాక్ అట. అబద్ధాలు చెప్పకురా అని ఫోన్ పెట్టేశాను. మళ్ళీ నేనే చేశాను.

నిజమే.

చేతుల నిండా కారం. కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు.

మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశామని మీలో చాలామందికి తెలుసు. ఎందుకో మాత్రం తెలియదు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. సరే, మంచితోనే మొదలుపెడతాను.

వేటపాలెం దగ్గర మా ఊళ్ళో కేబుల్ టీవీ మా ఇద్దరిదీ. కాలేజీ మానేసిన ఏడాదే మొదలుపెట్టాం. కంట్రోల్ రూమ్ నాది, స్తంభాలు ఎక్కడం మస్తాన్‌ది. పత్తి సీజన్ వస్తే మాకు నరకం. లోడు ట్రాక్టర్ వెళ్ళిన వీధిలో మా వైరు మిగిలేది కాదు.

ఒకసారి క్రికెట్ ఫైనల్ రోజున, సరిగ్గా చివరి ఓవర్లలో, అలాగే తెగింది. జేబులో కనెక్టర్ లేదు. మస్తాన్ నిచ్చెన ఎక్కి, వైరు పళ్ళతో ఒలిచి, రెండు కొసలూ కలిపి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. చెయ్యి కదిలితే బొమ్మ పోతుంది.

ఉన్నట్టుండి ఇళ్ళలోంచి కేకలు. టపాసులు.

పైనుంచి వాడి గొంతు. "ఒరేయ్ శీనూ, ఏమైందిరా? గెలిచామా?"

వీధంతటికీ మ్యాచ్ చూపించాడు. తను మాత్రం ఒక్క బాల్ చూడలేదు.

అదీ నా పార్ట్‌నర్. అందుకే అంత గుడ్డిగా నమ్మాను.

తర్వాత ఊళ్ళోకి ఫైబర్ ఇంటర్నెట్ వచ్చింది. మా కనెక్షన్లు ఒక్కొక్కటే తగ్గడం మొదలైంది. మస్తాన్‌ని అడిగితే, "పొలం పనుల్లో ఉన్నార్రా జనం. మళ్ళీ వాళ్ళే వస్తార్లే" అన్నాడు.

నమ్మాను.

ఒకరోజు మా వీధి చివర చంద్రమ్మ పిన్ని ఇంటికి వెళ్ళాను, కేబుల్ ఎందుకు తీసేయించిందో అడుగుదామని. టీవీ కింద చిన్న నల్ల బాక్సు. ఆవిడ రిమోట్ నోటి దగ్గర పెట్టుకుని, "పాత భక్తి సినిమా ఒకటి పెట్టండి బాబూ" అని మర్యాదగా అడుగుతోంది. సినిమా వచ్చేసింది కూడా.

"ఎవరు పెట్టారు పిన్నీ ఇది?"

"అదేందయ్యా, మీ మస్తానే గదా! వైఫై కలిపి, నా ఫోన్లో ఏదో నంబరు కొట్టి, అన్నీ వాడే చేసిపోయాడు. 'శీను గూడా ఇందులో ఉన్నాడు పిన్నీ, ఇద్దరం కలిసే పెడతన్నాం' అన్నాడే!"

అక్కడే కూర్చుండిపోయాను. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

బాక్సులు పెట్టాడని నాకు కోపం లేదు. కేబుల్ రోజులు అయిపోయాయని నాకూ తెలుసు. కానీ నా పేరు చెప్పి, నాకు చెప్పలేదు. పొద్దున నాతో కలిసి వైరు లాగిన వీధిలోనే సాయంత్రం ఆ వైరు పీకి బాక్సు తగిలించి వచ్చేవాడు. మర్నాడు మళ్ళీ నాతో టీ తాగేవాడు.

నిలదీశాను. తల దించుకున్నాడు.

"నువ్వు ఒప్పుకోవని చెప్పలేదురా."

"ఒక్కసారైనా అడిగావా?"

ఆ రోజుతో మా మాటలు ఆగిపోయాయి.

అంతకంటే పెద్ద దెబ్బ మా ఇంట్లోనే తగిలింది.

ఓ సాయంత్రం ఇంటికి వెళ్తే టీవీ చప్పుడు లేదు. నాన్న చెవులకి పెద్ద హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, టీవీ ముందు కూర్చుని పడీపడీ నవ్వుతున్నాడు. ఆయనకి చాలా ఏళ్ళుగా సరిగా వినపడదు. సౌండ్ ఎంత పెంచినా మాట తెలియక ఊరికే బొమ్మలు చూసేవాడు. మా కేబుల్‌తో ఏమీ చేయలేకపోయాను. మస్తాన్ బాక్సుకి బ్లూటూత్ ఉంది.

నా ఇంటికి, నేను లేనప్పుడు వచ్చి, నెట్ లాగి, బాక్సు పెట్టి వెళ్ళాడు.

నాన్న వినపడనివాళ్ళు మాట్లాడినట్టే గట్టిగా అరిచాడు. "నేనే పిలిచాన్రా! 'శీను ఒప్పుకోడు బాబాయ్, నేను రాను' అన్నాడు. నేనే బతిమాలా!"

పీకేద్దామని టీవీ వెనక చెయ్యి పెట్టాను. నాన్న తెర వైపు తిరిగి మళ్ళీ నవ్వాడు.

చెయ్యి తీసేశాను.

ఆ నవ్వుకి కూడా మస్తాన్ మీద మండిపోయాను. మనసారా కోప్పడే హక్కు కూడా లేకుండా చేశాడని.

కంట్రోల్ రూమ్ మూసేసిన రోజున గుమ్మం దాకా వచ్చాడు. "కాయ కోతలు అయ్యాక ఒకసారి కూర్చుందాంరా. అంతా చెప్తా" అన్నాడు. నేను సరే అనలేదు. వద్దనీ అనలేదు.

కోతలు అయిపోయాయి. ఎదురుచూశాను. రాలేదు.

ఆ మాట కూడా తప్పాడు.

నిన్న ఆఖరి ప్రార్థనకి, జనాజా నమాజుకి ముందు వాళ్ళన్న అందరి ముందూ నిలబడ్డాడు. "మా తమ్ముడి వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే మాఫ్ చెయ్యండి" అని చేతులు జోడించాడు. నొచ్చుకున్నవాళ్ళు మాఫ్ చేస్తేనే దేవుడూ చేస్తాడట. "చేశాం, చేశాం" అన్నారంతా.

కొందరు నా వైపు చూశారు.

నేను వెనక వరసలోకి జరిగాను.

మోసేటప్పుడు భుజం పట్టాను. గుప్పిళ్ళతో మట్టి వేశాను. 'చేశాను' అన్న ఆ ఒక్క మాట మాత్రం రాలేదు. రాత్రంతా ప్రయత్నించాను, ఇప్పటికీ రావడం లేదు మస్తానూ. రాని మాట వచ్చినట్టు ఇక్కడ రాయలేను. నువ్వు నాకు చెప్పిన అబద్ధం చాలు, నేను నీకొకటి చెప్పను.

కానీ నేను మెత్తబడేదాకా దేవుడు ఆగకూడదు. నన్ను అడక్కుండానే నిన్ను క్షమించెయ్యాలి.

వెళ్ళిరారా.

ఏ బెంగా లేకుండా పడుకో.