అమ్మ సర్దిన ఇల్లు

అమ్మ పోయిన పదిహేనో రోజున మరణ ధ్రువపత్రం కోసం హిందూపురం మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. కౌంటరు వెనక కూర్చున్న అమ్మాయి కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండానే అమ్మ ఎక్కడ పోయిందని అడిగింది. ఇంట్లోనే అన్నాను. సొంత ఇల్లా, అద్దెదా, అది మీ ఇల్లే అనడానికి రుజువేముంది అని మళ్లీ అడిగింది. ఆమె తప్పేమీ లేదు, కాగితంలో ఉన్నది అడిగింది. కానీ మాది ఇల్లేనని రుజువు చూపమనడం మాకు అది మొదటిసారి కాదు. మగ్గం ఉన్న ఇళ్లలో పెరిగిన నా వయసు వాళ్లకు నేను చెప్పేది కొత్తగా ఉండకపోవచ్చు.

తొంభైల మధ్య దాకా మేము ధర్మవరంలో అద్దెకుండేవాళ్లం. ఉన్నది ఒకటే గది. దాని నడుమ నేల తవ్వి నాయన గుంత మగ్గం దింపుకున్నాడు. గుంతలోకి కాళ్లు జారవిడిచి, నేల మీద కూర్చుని పట్టుచీరలు నేసేవాడు. చుట్టూ మిగిలిన కాస్త జాగాలోనే మా వంట, చదువు, పడక. తమ్ముడి ఉయ్యాలను మగ్గం పైనున్న దూలానికే కట్టారు, నేను డిగ్రీకి వచ్చాక కూడా పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడు ఆగితే తప్ప తల ఎత్తకుండా ఆ పక్కనే చదువుకున్నాను.

మా వీధి రోడ్డు వెడల్పయ్యాక ఇంటి యజమానికి అక్కడ అంగళ్లు కట్టాలనిపించింది. మంచి మనిషే, అంతకు ముందు నాయన నేస్తుంటే గడప దగ్గర నిలబడి చూసి వెళ్లేవాడు. ఆయన మా మీద వేసిన కేసులో ఉన్నది ఇంతే: కాపురానికని ఇల్లు తీసుకుని వ్యాపారం చేస్తున్నారు, నేల తవ్వి ఇంటిని పాడు చేశారు, కాబట్టి ఖాళీ చేయించాలి. ఖాళీ చేయడమంటే మాకు ఇల్లొక్కటే పోవడం కాదు. కేసు సంగతి విన్న ఏ యజమానీ మళ్లీ తన ఇంట్లో గుంత తవ్వనివ్వడు, గుంత లేకపోతే నాయనకు పని లేదు.

మా వకీలు పెనుకొండలో ఉండేవాడు. ఇంగ్లీషు కాగితాలు చదవడానికి నాయన వెంట నేనూ వెళ్లేదాన్ని. ఇల్లు అనే మాట ఆయన నోట ఎన్ని రకాలుగా మారిందో ఇప్పటికీ గుర్తుంది. దొంగతనం కేసులో మనుషులు కాపురముండే గుడారం కూడా ఇల్లే. పన్ను వేసేవాళ్లకు గోడలూ కప్పూ ఉంటే చాలు, కరెంటు వాళ్లు మాత్రం లోపల ఏం పని జరుగుతుందో చూస్తారు. అప్పు కేసులో జప్తుకు వచ్చినా నేతగాడి మగ్గాన్ని ముట్టుకోరు. ఈ అద్దె కేసులోనేమో ఇల్లు ఎందుకు తీసుకున్నారు, ఎందుకు వాడుతున్నారు అన్నదే ప్రశ్న. నాయన అంతా విని, "మేము ఆడనే తింటాం, ఆడనే పండుకుంటాం సార్, ఇంగేం గావాల?" అన్నాడు. అదే మన బలం, కోర్టు పంపే కమిషనరు వచ్చి కళ్లారా చూసి ఉన్నది రాసుకుపోతాడు, భయం లేదు అన్నాడు వకీలు. ఆ రోజు ఇంట్లో ఏదీ కదిలించవద్దని చెప్పాలని ఆయనకు తోచలేదు. ఏ వకీలుకు తోస్తుంది?

కమిషనరు వచ్చే రోజున నేను కాలేజీలో పరీక్ష రాసి, పదకొండు దాటాక ఇంటికి వచ్చాను. కోర్టు నుంచి పెద్దమనుషులు వస్తున్నారని అమ్మ చాపలు, దుప్పట్లు, తీగ మీది బట్టలు, కిరసనాయిలు పొయ్యి, గిన్నెలు, మా పుస్తకాలు అన్నీ మోసుకుపోయి పక్కింటి పెద్దమ్మ దగ్గర పెట్టింది. పొగచూరిన మూలకు సున్నం కొట్టింది. నేల అలికి, ముగ్గేసి, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టింది. గదిలో మగ్గం ఒక్కటే మిగిలింది. అప్పటికే కమిషనరు, ఇద్దరు వకీళ్లు లోపల ఉన్నారు.

"వంట యాడ చేసుకుంటారమ్మా?" అని కమిషనరు అడిగాడు.

"ఈడే సామీ," అని అమ్మ తెల్లగా మెరుస్తున్న మూలను చూపింది.

"పొగ రాని వంటంట! మా ఇంట్లోవాళ్లకూ నేర్పమ్మా," అని యజమాని వకీలు నవ్వాడు.

నాయన గుంతలోంచి లేచి నిలబడ్డాడు. అమ్మకు అప్పటికీ అర్థం కాలేదు; పక్కింటి నుంచి మంచి స్టీలు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చి అందరికీ ఇచ్చింది. గ్లాసులు ఎక్కడివని అడిగితే దాచకుండా చెప్పింది, అదీ కాగితంలోకెక్కింది. మా వకీలు సైగ చేస్తే నేను సామాన్ల కోసం పక్కింటికి పరుగెత్తాను. పెద్దమ్మ చాపలు నెత్తిన పెట్టుకుని, "ఏమప్పా, వాళ్లు ఈ చాపల మీద పండుకునేది వీధంతా చూసిండాది, రాసుకో!" అని అరుస్తూ వచ్చింది. ఇప్పుడు తెచ్చినవి లెక్కకు రావని యజమాని వకీలు అడ్డుపడ్డాడు. కమిషనరు మంచివాడే, కాసేపు ఆలోచించాడు. చివరికి తాను వచ్చినప్పుడు ఉన్నదే రాశాడు.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది, ఖాళీ చేయమని. ఆ కాగితాలు ఇంట్లో చదివి చెప్పాల్సింది నేనే. నాయన మగ్గం దగ్గర, అమ్మ పొయ్యి దగ్గర కూర్చున్నారు. "ఏం రాసినారే?" అంది అమ్మ. తనిఖీ సమయంలో కాపురం ఉన్న ఆనవాళ్లు లేవన్న వాక్యం దగ్గరికి వచ్చాక నా నోరు ఆగింది. అది వదిలేసి, గుంత తవ్వడం వల్లే పోయిందని చెప్పాను. "గుంత తవ్వింది నేనే గదా," అన్నాడు నాయన.

అమ్మను కాపాడాలనుకుని తప్పంతా నాయన మీద పెట్టానని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. దిద్దుకోవాలంటే అమ్మ పేరు చెప్పాలి. చెప్పలేదు. మగ్గం మీదున్న చీర పూర్తిచేసి, నాయన తన చేత్తోనే గుంత పూడ్చాడు. హిందూపురం వచ్చి ఒక మిల్లులో చేరాడు, ఆ తరువాత మగ్గం మాట ఎత్తకుండానే పోయాడు. అమ్మ మాత్రం ఈ ఊరొచ్చాక ఎంత పెద్దవాళ్లు ఇంటికి వచ్చినా పరచిన చాప తీయలేదు, తోమని గిన్నె దాచలేదు. ఆమెకు తెలుసా, ఎవరైనా చెప్పారా అని ఇన్నేళ్లలో నేను అడగలేదు. అడిగితే ఏం చెప్పాల్సి వస్తుందోనని భయం.

ఇప్పుడు ధర్మవరంలో నేత చాలావరకు మరమగ్గాల షెడ్లలోకి వెళ్లిపోయింది, పని ఒకచోట, పడక ఒకచోట. మా ఇంట్లోనూ అంతే. ఇక్కడ ఎవరూ ఏ పనీ చేయరు, నేల మీద ఎక్కడా గుంత లేదు, వంటగదికి పొగ అంటదు. ఏ చట్టం కింద చూసినా ఇది ఇల్లే. అమ్మ కూడా పోయాక, పొద్దున తొమ్మిదికి తాళం వేస్తాం, మళ్లీ సాయంత్రం దాకా అందులో మనిషి అలికిడి ఉండదు.