ఏమీ వేయకుండానే వెలిగిన గొట్టం

2018 ఆగస్టు 11, శనివారం. బాపట్లలో తెల్లవారినప్పటి నుంచి తుంపర. అయినా ఉక్క తగ్గలేదు. ఆ ఉక్కలో ఒక ప్రైవేటు కళాశాలవారి ప్రదర్శనకు వెళ్లాను. ‘విఙ్ఞాన ప్రదర్శన’ అని అచ్చువేసిన వారి ఆహ్వానపత్రికలో ఇంకో ఆరు తప్పులున్నాయి. వెనకటికి మా బడిలో ఒక్క తప్పుకే పలక మొత్తం తుడిపించి మళ్లీ రాయించేవాళ్లం; సరే, ఆ గోల ఇప్పుడెందుకు.

వెళ్లింది ఫిర్దోస్ కోసం. తెనాలిలో పరుపులు కుట్టే కాలేషా కూతురు, నా పూర్వవిద్యార్థిని, ఆ కళాశాలలో తాత్కాలిక అధ్యాపకురాలు. ప్రయోగం నెగ్గితే ఉద్యోగం స్థిరపరుస్తామని ప్రిన్సిపాల్ పూర్ణచంద్రరావు గారు మాట ఇచ్చి ఉన్నారు.

ఆ ప్రయోగమేమిటో అంతకుముందే రేపల్లె ప్యాసింజరులో ఆమె నాకు బోధించింది.

“సీటు అంచున కాస్త చోటు దొరికితే చాలు కదండీ మాస్టారూ, ‘జరగండి, జరగండి’ అంటూ కూర్చున్నవాణ్ణే లేపేస్తారు. డీఎన్ఏ పోగులూ అంతేనండి. ఒకటి వచ్చి అంచు పట్టుకుని, అక్కడ జతకట్టి ఉన్నదాన్ని తోసేస్తుంది. అలా లేచిపోయిన పోగు వెలుగుతుంది. నా గొట్టంలో రెండు రకాల పోగులూ వేస్తేనే వెలుగు రావాలి, ఒక్కటే వేస్తే రాకూడదు. కంప్యూటరు చేసే లెక్కా ఇదేనండి.”

రోగలక్షణాలు రెండూ కనబడినప్పుడే మందు విడిచే అణుయంత్రాలకు రేపు ఇలాంటి లెక్కే బుద్ధి అవుతుందట.

ఇంత సూక్ష్మం పూర్ణచంద్రరావు గారికి చెప్పడం చెవిటివాని ముందు శంఖమూదడమే. “మానిటరేదమ్మా?” అన్నారు. పైగా, ముఖ్య అతిథికి ఉక్కపోస్తుందని ప్రయోగశాలలోని ఏసీని ఊడదీయించి సభామందిరంలో పెట్టించారు.

అతిథి వచ్చారు. ఉక్కలో ఉన్న ప్రయోగశాల నుంచి గొట్టాన్ని వేదిక మీదికి తెచ్చారు. ఫిర్దోస్ ఒక్క పోగూ వేయకముందే, నీలిదీపం కింద గొట్టం పచ్చగా వెలిగింది. చప్పట్లు మోగాయి.

“ఆగండి. నేనింకా ఏమీ వేయలేదండి,” అంది.

“వెలిగిందిగా అమ్మాయ్,” అన్నారు ప్రిన్సిపాల్, నవ్వు చెదరనీయకుండా. “వెలగాలనేగా చేసింది? దండం పెట్టి దిగు.”

“ఏమీ వేయకుండా వెలిగితే లెక్క తప్పినట్టండి సార్.”

ఆ మాట మైకులోనే అంది. నెలాఖరుకు ఉద్యోగం పోయింది. నిజం చెప్పినవారికి జీతమిచ్చే కళాశాల మన వైపు ఇంకా కట్టలేదు.

ఏసీ ఊడదీయడం వల్లే ఆ వేడికి పోగులు వాటంతటవే విడిపోయి ప్రయోగం చెడిందని, కుర్చీకి తప్ప చదువుకు చల్లదనం అక్కర్లేదనుకునే మనిషని, పూర్ణచంద్రరావు గారిని తెనాలి నుంచి రేపల్లె దాకా ఏకిపారేశాను. ఆరేళ్లకు బెంగళూరు నుంచి ఈ ఉత్తరం వచ్చింది:

“మాస్టారూ, నమస్కారమండి. ఇక్కడొక ప్రయోగశాలలో పని దొరికింది. ఆ గొట్టం మళ్లీ చేశాను. రెండు పోగులూ వేసేదాకా చీకటిగానే ఉంది. ఏసీ ఆపి కూడా చూశానండి. అయినా ముందుగా వెలగలేదు. అప్పట్లో గొట్టంలో ముందుగా ఉంచే జతల కోసం, చవకగా వస్తాయని, శుద్ధి చేయని పోగులు తెప్పించాను; వాటిలో సరిగా జతకట్టనివే ముందుగా వెలిగాయండి. తప్పు నాది. ఆ సంగతి ప్రిన్సిపాల్ గారికీ రాశాను. అబద్ధమాడమన్నందుకు ఆయన్ని తిట్టుకోండి, నేను అడ్డురాను. ఏసీ మాట మాత్రం ఇక ఎవరికీ చెప్పకండి. — ఫిర్దోస్”