ఒక్క కొబ్బరిచెట్టు, సమస్త హక్కులతో

మా మామగారు పోయే ముందు చౌల్దారీ ఊళ్లోని స్థలాన్ని కొడుక్కి, అందులోని కొబ్బరిచెట్లను కూతురికి రాసిచ్చారు. నేల మాది, చెట్లు వదినవి. చెట్టు బతికినంతకాలం ఆమె వచ్చి అనుభవించవచ్చు, చెట్టు పోతే ఆ చోటు కూడా మాకే. ఆ కాగితం రాయించినప్పుడు ఆయన మనసులో ఏముందో తెలియదు గానీ, మా ఇంట్లో కాలక్షేపానికి లోటు లేకుండా చేసి వెళ్లారు.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఒక వకీలు దగ్గర ఆస్తి కాగితాలు టైపు చేస్తాను. పూర్తి హక్కు, ఉమ్మడి హక్కు, బతికున్నంతవరకే ఉండే హక్కు, కౌలు, పక్కవాళ్ల స్థలంలోంచి నడిచే దారి హక్కు, ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. పప్పులో ఉప్పు మర్చిపోతాను గానీ వీటిలో ఒక్కటీ మర్చిపోను. కాబట్టి వదినతో పేచీకి ఈ దీవుల్లో నాకంటే తగిన మనిషి లేదని నా గట్టి నమ్మకం.

వదిన అంటే మా ఆయన అక్క. డిగ్నాబాద్‌లో ఉంటుంది. జెట్టీ దగ్గర పడవ టికెట్ల కౌంటర్లో ఉద్యోగం. అద్దం వెనక కూర్చుని "ఎక్కడికి? ఎంతమంది?" అని అడగడమే పని. ఇంట్లోనూ అదే గొంతు. ఆ గొంతు వింటే మా ఆయన జేబులో చిల్లర వెతుక్కుంటాడు.

నేను కాపురానికి వచ్చేనాటికి చెట్లు కంచె పొడవునా, పెరడంతా ఉండేవి. కొన్నింటిని గాలి పడగొట్టింది, కొన్నింటిని కొమ్ముపురుగు తినేసింది. చివరికి పెరడు మధ్యలో ఒక్కటి మిగిలింది. ఒక్కటే కదా, వదిన హక్కులూ ఆ మేరకు తగ్గుతాయనుకున్నాను. పెరిగాయి. ప్రతి ఆదివారం స్కూటర్ మీద ఒక సంచీ వేసుకుని వచ్చేది. గేటు తోసుకుని తిన్నగా చెట్టు దగ్గరికి నడిచేది. ఆ దారిలో నేను బట్టలు ఆరేస్తే, దారి హక్కుకి అడ్డమని తీసి గట్టు మీద పెట్టేది. ఆ మాట ఆమెకు నేర్పింది నేనే.

ఒక ఆదివారం ఆమె కంటే ముందే నేను చెట్టు నీడలో కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాను.

"లే. అది నా నీడ" అంది.

"కాగితంలో చెట్టు అని ఉంది వదినా. నీడ అని లేదు. నీడ పడేది మా నేల మీద."

"అరే, చెట్టు నాదైతే నీడ నీదెలాగవుద్ది? చెట్టు లేకుండా నీడ తెచ్చుకో, కూకో. ఎవరొద్దన్నారు?"

అన్ని రకాల హక్కుల గురించి టైపు చేశాను గానీ నీడ గురించి ఎక్కడా చదివిన గుర్తు లేదు. లేచాను. సాయంత్రానికి ఆ నీడ కంచె దాటి పక్కింటి పెరట్లోకి వెళ్లింది. వదిన కూడా కుర్చీ పట్టుకుని దాని వెనకే వెళ్లింది. పక్కింటి దీదీ ఏమీ అర్థం కాకపోయినా టీ ఇచ్చింది.

ఇలా సరదాగా సాగిపోయేదే, మా ఇల్లు కారకపోతే. అది పాత రేకుల ఇల్లు. ఇక్కడి వానలు మొదలైతే ఓ పట్టాన వదలవు. వంటింట్లో ఉండాల్సిన గిన్నెలన్నీ మంచాల చుట్టూ ఉండేవి. ఎట్టకేలకు స్లాబు ఇల్లు కట్టుకుందామనుకున్నాం. మేస్త్రీ వచ్చి దారం కట్టాడు. దారం తిన్నగా పోయి కొబ్బరిచెట్టుకు తగిలింది.

"చెట్టు తీస్తేనే పునాది" అన్నాడు మేస్త్రీ.

"అక్కని నువ్వే అడుగు" అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండా.

ఆఫీసులో కూర్చుని నేనే చక్కటి కాగితం తయారు చేశాను. సదరు చెట్టుపై తనకు గల సమస్త హక్కులనూ వదిన ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నట్టు. ఆదివారం ఆమెను నీడలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, అప్పుడు కాగితం ఇచ్చాను. చదివి ఒళ్లో పెట్టుకుంది.

"ఇల్లు కట్టకపోతే ఈ వానలకి కూడా గిన్నెల మధ్యే పడుకోవాలి వదినా."

ఆమె చెట్టు పైకి చూసింది. "ఇది కాపు మానేసి చానా రోజులయింది. చూశావా?"

చూడలేదు. నేనూ తలెత్తాను. ఒక్క కాయ లేదు. స్కూటర్‌కి తగిలించిన సంచీ వచ్చినప్పుడెంత ఖాళీగా ఉండేదో వెళ్లేటప్పుడూ అంతే ఖాళీగా ఉండేదని అప్పుడు తట్టింది.

"మరి వారం వారం ఎందుకొస్తున్నావు?" అనేశాను.

"నాన్నుండగా గేటు తోసుకుని వచ్చీదాన్ని. నాన్న పోయాక ఇది తమ్ముడిల్లు. చెట్టుందనుకో, నా చెట్టు చూసుకోడానికి వచ్చాను, ఎవరేటంటారు? చెట్టు లేకపోతే నేను మెహమాన్‌ని, చుట్టపుచూపు మనిషిని. గేటు బయట నిలబడి పిలవాల."

నాకు చాలా బాధేసింది. ఆస్టినాబాద్‌లో నా పుట్టింటి ముందు నేనూ ఇప్పుడు బెల్లు కొట్టే నిలబడతాను. మా అన్న భార్య మంచిదే, వెంటనే తలుపు తీస్తుంది. అయినా ఆ కాసేపూ నాకు చెప్పులు ఎక్కడ విడవాలో తెలియదు.

"ఏం కావాలి నీకు?" అన్నాను.

"తాళంచెవి. గేటుదీ, ఇంటిదీ."

నాలోని టైపిస్టు అప్పటికప్పుడే లెక్క చూసింది. తాళంచెవి అంటే చట్టం దృష్టిలో వట్టి అనుమతి, ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. చెట్టు ఇచ్చి అది తీసుకుంటానంటోంది. ఇంత తెలివితక్కువ బేరం ఏ క్లయింటూ చేయగా చూడలేదు. సరేనన్నాను. వదిన సంతకం పెట్టింది.

ఇల్లు లేచింది. తాళంచెవి వచ్చాక వదినకు ఆదివారంతో పని లేకపోయింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పప్పుల డబ్బాలు కొత్త వరసలో ఉంటాయి. ఊరగాయ జాడీ ఎక్కడుందో నేనే ఫోన్ చేసి అడగాలి. వరండాలో కుర్చీ ఆమెది. ఇప్పుడు నీడ మొత్తం మాదే, కూర్చునేది మాత్రం ఆమె. చెట్టు ఉన్నన్నాళ్లూ పెరట్లో ఒక మూరెడు చోటుతో సరిపెట్టుకున్న మనిషికి, నా చట్టజ్ఞానంతో ఇల్లంతా రాసిచ్చాను. వారం రోజులు రాకపోతే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఫోన్ చేసి దెబ్బలాడతాను.

మొన్న తాళంచెవి ఆఫీసులో మర్చిపోయి వచ్చాను. జోరు వాన. కుక్కల భయానికి గేటుకు లోపలి నుంచి తాళం వేసి ఉంది. వరండాలో వదిన స్కూటర్ కనిపించింది. బయట నిలబడి పిలిచాను. ఆమె గొడుగు వేసుకుని తీరిగ్గా వచ్చింది. తాళం తీయలేదు. ఊచల్లోంచి నన్ను తేరిపార చూసింది.

"ఎక్కడికి?"

"ఇంటికి, వదినా."

"ఎంతమంది?"

"ఒక్కదాన్నే."

కాసేపు ఆలోచించి తాళం తీసింది.