గులాబీ అంటు మీద నా కత్తిగాటు

మొన్న ఆదివారం పొద్దున్నే, ఎదురింట్లో కొత్తగా దిగిన అమ్మాయి తన గులాబీ మొక్కల్ని ఒకసారి చూసిపెట్టమని పిలిచింది. నూజివీడులో అంటుకట్లకు పేరున్న పెద్దాయన మీ ఎదురింట్లోనే ఉన్నాడని ఎవరో చెప్పారట. ఫోన్‌లో బొమ్మ చూసి తెప్పించుకుంటే, బొమ్మలో ముద్దగా ఎర్రగా ఉన్న పువ్వు కాస్తా ఇంట్లో పూసేసరికి పాలిపోయిన చిన్న పువ్వయిందని, అమ్మినవాళ్ళు నిలువునా మోసం చేశారని ఆమె బాధ. వంగి కుండీలో మట్టి కాస్త పక్కకు తీయగానే సంగతి తెలిసిపోయింది. ఏ కొమ్మ కొయ్యాలో ముక్తసరిగా చెప్పి ఇంటికొచ్చి కూర్చున్నాను. ఆ పూట కాఫీ కూడా సహించలేదు.

నేను మామిడి అంటుల మీద బతికినవాణ్ణి. టెంక నుంచి లేచిన నాటు మొక్కకు మంచి చెట్టు కొమ్మను కట్టి, రెండూ అతుక్కున్నాక, అతుకు కింద నుంచి వచ్చే ప్రతి చిగురునూ గిల్లేయాలి, లేదంటే నాటుదే ఏపుగా పెరిగి మంచిదాన్ని చంపేస్తుందన్నది మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం. ఆగిరిపల్లి నుంచి రెడ్డిగూడెం దాకా తోటల వాళ్ళు నాకోసం స్కూటర్ పంపించే రోజులవి. పేరుతో పాటు నా నోరూ పెరిగింది. ఎవరైనా మొక్కల గురించి మాట్లాడుతుంటే మధ్యలో దూరి సరిదిద్దకుండా ఉండలేకపోయేవాణ్ణి, అది చూసి మా ఆవిడ పక్కకు తిరిగి నవ్వుకునేది.

మీలో నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, వానలు వెనకబట్టాక గోదావరి వైపు నుంచి పూలమొక్కలు లారీల్లో దిగేవి, వాటిని తోపుడు బండ్ల మీద పెట్టుకుని వీధుల వెంట అమ్మేవాళ్ళు. మా వీధికి ఏటా వచ్చే ఆయన మా నాన్న కంటే కాస్త చిన్నవాడు, వీధి ఆడవాళ్ళందరికీ బాబాయ్ గారు. అమ్మేసి చేతులు దులుపుకునే రకం కాదు, నిరుడు ఇచ్చిన మొక్క ఎలా ఉందో ప్రతి ఇంట్లోకీ వెళ్ళి చూసి, ఎండిన రెమ్మలు తన కత్తెరతో తీసేసి, అప్పుడు గానీ కొత్తవి చూపించేవాడు కాదు.

పెళ్ళయి వచ్చాక మా ఆవిడ నన్ను నోరు తెరిచి అడిగింది గులాబీలొక్కటే. మామిడి తప్ప ఒక్క పూలచెట్టు లేని ఇల్లు మాది. ఆయన దగ్గర ముద్ద ఎర్రవి మూడు ఏరుకుంది. నాటడం గురించి ఆయన ఏదో చెప్పబోతే, మొక్కల గురించి నాకా చెప్పేది అని నవ్వి మాట తుంచేశాను. మా పెరళ్ళలో అమ్మమ్మలు పెంచిన గులాబీలు కొమ్మ గుచ్చితే బతికేవి, గులాబీకి కూడా అంటు కడతారన్న ఆలోచనే నాకు రాలేదు. వేసవి తట్టుకోవాలని లోతుగా పాతిపెట్టి, మొదలు చుట్టూ మట్టి ఎగదోశాను. ఒక విడత ఎర్రగా పూశాయి. తర్వాత మట్టిలోంచి చేతి పొడవు కొమ్మలు లేచాయి. చూశావా నా చెయ్యి అని మా ఆవిడకు చూపించి, పైన సన్నగా ఉన్న పాత కొమ్మలన్నీ బలం తినేస్తున్నాయని కత్తితో తీసిపారేశాను. ఆ తర్వాత ముళ్ళు పెరిగాయి, ఆకులు పెరిగాయి, ఎర్ర పువ్వు మాత్రం మళ్ళీ కనబడలేదు. పూసిన ఒకటీ అరా వెలిసిపోయిన నాలుగు రేకులు.

మరుసటి ఏడు ఆయన బండి వచ్చిన రోజున మా తోడల్లుడు ఇంట్లో ఉన్నాడు. అంటుల మేస్త్రీ ఇంట్లో గులాబీలు ఇవేనా అని పొద్దుటి నుంచీ ఆటపట్టిస్తూనే ఉన్నాడు. తల కొట్టేసినట్టయి, ఆ కోపమంతా గేటు దగ్గర ఆయన మీద దింపాను. వీధి ఆడవాళ్ళంతా బండి చుట్టూ ఉండగా, ఎర్రవని చెప్పి అడవి మొక్కలు అంటగట్టావని, ఏమీ తెలియని ఆడవాళ్ళని మోసం చేస్తున్నావని, నా నోటికి ఎంత వస్తే అంత అన్నాను. అంతటి పెద్దమనిషిని నువ్వు అనే అన్నాను.

ఆయన బండి వదిలి లోపలికొచ్చి, మొక్క దగ్గర గొంతుక్కూర్చుని, వేలితో మట్టి తోడి చూశాడు. తలెత్తి నా వంక ఒకసారి, మా తోడల్లుడి వంక ఒకసారి చూశాడు. తోడిన మట్టి మళ్ళీ జాగ్రత్తగా కప్పేసి లేచాడు.

"పొరపాటు నాదేనండీ. వేరేవి ఇస్తాను, పెట్టుకోండి" అన్నాడు.

మూడు కొత్త మొక్కలు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. అప్పటికే చేతుల్లోకి తీసుకున్న మొక్కల్ని ఆడవాళ్ళు ఒక్కొక్కరే బండి మీద తిరిగి పెట్టేశారు.

సాయంత్రం పాతవి పీకితే, మట్టి కింద జానెడు లోతున అతుకు కనబడింది. అతుకు పైన ఎండిపోయిన మోడు, దాని మీద నా కత్తిగాటు. అతుకు కింద నుంచి, ఊరందరికీ గిల్లెయ్యమని నేను చెప్పే నాటు కొమ్మ ఏపుగా లేచి ఉంది. మూడింటికీ అంతే. ఆయన చూసింది అదే. ఒక్క మాట అని ఉంటే అంటుకట్టే వాడిగా నా పరువు ఆ పూటే పోయేది. నా కూడు నా చేతి పేరులో ఉందని ఆయనకు తెలుసు, ఆయన కూడు కూడా ఆయన పేరులోనే ఉందని నాకు తట్టలేదు.

సైకిలేసుకుని వెళ్ళాను. బస్టాండు దగ్గర బండి కనబడింది, ఆయన వంగి మొక్కల మీద నీళ్ళు చిలకరిస్తున్నాడు. కాళ్ళ మీద పడేవాణ్ణేమో, కానీ పక్కనే టీ బడ్డీ దగ్గర నాకు పని ఇచ్చే ముసునూరు తోట ఆసామి నిలబడి ఉన్నాడు. ఆ ఆసామి వింటాడని సైకిలు వెనక్కి తిప్పేశాను. గేటు దగ్గర అరిచింది కోపం, ఇది మాత్రం పిరికితనం, తెలిసి చేసిన తప్పు. ఇన్నేళ్ళయినా ఆ సైకిలు తిప్పడం తలుచుకుంటే ఒంటరిగా ఉన్నా తలదించుకుంటాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ నూతి దగ్గర ఆ పీకిన మొక్కల్ని చూస్తూ ఉంది.

"ఆయన్ని వెనక్కి పిలుచుకు రాలేదా?" అంది.

నేను సైకిలు గోడకు ఆనించి లోపలికి వెళ్ళిపోయాను. కొత్త మొక్కల్ని తనే నాటింది, నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. అవి ఏళ్ళ తరబడి ముద్దగా ఎర్రగా పూశాయి. రోజూ కోసి దేవుడికి పెట్టేది, అడిగినవాళ్ళకు ఇచ్చేది, తన జడలో మాత్రం ఒక్కటి కూడా పెట్టుకోలేదు. ఆ తర్వాత ఆయన బండి పక్క వీధి మీదుగా వెళ్ళేదట గానీ, మా వీధిలోకి మళ్ళీ తిరగలేదు. ఎవరైనా మొక్కలు చచ్చిపోయాయంటే మా వీధిలో ఆయన పేరే చెప్పి నవ్వుకునేవారు, నేనూ ఆ నవ్వుల మధ్యే కూర్చుని ఉండేవాణ్ణి.

ఇప్పుడా పెంకుటిళ్ళు లేవు, వాటి పెరళ్ళూ లేవు. అరుగుల చోట కార్లు నిలబెట్టుకునే సిమెంటు గచ్చులు వచ్చాయి. ఆనాడు గేటు దగ్గర నిలబడి విన్నవాళ్ళలో కొందరు కాలం చేశారు, కొందరు ఇళ్ళు అమ్ముకుని వెళ్ళిపోయారు, అందరూ ఆయన్ని మోసగాడనుకునే వెళ్ళారు. వయసు మీద పడి, పేరుతో పని తీరిపోయాక నాకు ధైర్యం వచ్చింది. వీధి మధ్యలో నిలబడి ఆ తప్పు నాదని గట్టిగా చెప్పగలను. చెబితే వినేవాళ్ళు, ఇంతకీ ఎవరండీ ఆయన అని అడుగుతారు.