మోగని జోడుగొట్టాలు

“ఆ తుపాకి ఎందుకు మోగల్యాదో పాపా?”

“నాకేం తెలుసు నాయనా.”

నాయన పోయేముందు మా ఇద్దరికీ అవే చివరి మాటలు. నేను అబద్ధం చెప్పాను.

కోడలా, నీ కుట్టుమిషను నూనె వాసనకు అంతా గుర్తొస్తోంది; మిషను ఆపి, నేను చెప్పేది రాసుకో. తాతలనాటి జోడుగొట్టాల తుపాకి అమ్మి బావి తవ్వించాలని నాయన ఆశ. వెల కట్టడానికి బళ్లారి నుంచి వచ్చిన సాయిబు గొట్టాలు ఊడదీసి, నూనె తుడిచి, దారంతో దూలానికి వేలాడగట్టాడు.

“గంట మాదిరి మోగితే అసలు సరుకప్పా. మోగకుంటే రెండు గొట్టాల నడిమి అతుకు ఇడిసినట్టే.”

వినడానికి ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. చిన్నపిల్లను, కొడితే తుపాకి పేలి నాయన చచ్చిపోతాడనుకుని, వెనక నుంచి గొట్టాలను గట్టిగా పట్టుకున్నాను. సాయిబు వేలితో కొట్టాడు. టక్కుమంది, అంతే.

“ఇది పాత ఇనుమప్పా,” అన్నాడు సాయిబు.

బావి తవ్వలేదు. దెబ్బలకు భయపడి నేను నోరు విప్పలేదు.

రాస్తాండావా అమ్మీ? నేను పట్టుకున్న కాడ ఏం రాసినావో, అది ఒక్కటీ నాయనకు ఇనబడేట్టు గట్టిగా చదువు.