బీరమ్మ మేడం తన మీద వేసుకున్న తప్పు

పోయిన మంగళవారం పొద్దున వికారాబాద్‌లో కాలేజీకి బయల్దేరుతుంటే తాండూరు నుంచి ఫోన్ వచ్చింది. మేడం ఇంటి కింది వాటాలో ఉండే శాంతమ్మ. "మీ మేడం పోయింది బిడ్డా. చాయ్ ఇద్దమని పోతే కుర్చీల కూసున్నట్టే ఉన్నది" అంది. పిండదశలో మెదడు ఎలా రూపుదిద్దుకుంటుందో జీవితమంతా అధ్యయనం చేసిన శాస్త్రవేత్త, నా పరిశోధన గురువు డాక్టర్ బీరమ్మ ఇక లేరన్నది నా బుర్రకు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఆమె కీర్తి మీద ఒకే ఒక మచ్చ ఉంది. ఆ మచ్చ నాది. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే, ఇప్పుడు నేనొక్కదాన్నే.

బషీరాబాద్ దగ్గర గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టారామె. ఇంట్లో తెలుగు, మేత దగ్గర కన్నడం. నాడీకణం పుట్టినచోటే ఉండిపోదు, పెరుగుతున్న మెదడులో తన స్థానానికి తాను ప్రయాణించి చేరుకుంటుంది. దానికి దారి చూపేదెవరన్న ఒక్క ప్రశ్నకే ఆమె తన ఆయుష్షును అర్పించారు. ఎవరైనా పెళ్లి ఊసెత్తితే "గుడ్లు చూసే టైమయింది" అని లేచిపోయేవారు.

గుడ్లంటే పొదిగే కోడిగుడ్లు. పెంకుకు చిన్న కిటికీ కోసి, పిండంలో కణాలకు దారి చూపుతుందనుకున్న ఒక ప్రోటీన్‌ను తగ్గించి, మళ్లీ మూసి పొదగేసేవాళ్లం. తర్వాత ఆ మెదడును పల్చటి పొరలుగా కోసి, స్లైడ్ల మీద కణాలను లెక్కపెట్టాలి. ఏ స్లైడు ఏ గుడ్డుదో లెక్కపెట్టేవాళ్లకు తెలియకూడదు కాబట్టి లేబుళ్ల మీద కాగితం అంటించేవాళ్లం. ఈ నియమం ఇతర ప్రయోగశాలల్లోనూ ఉన్నదే, కానీ మేడంకు అది తండ్రి దగ్గర అబ్బింది. సాయంత్రం మంద దొడ్డికి చేరేటప్పుడు ఆయన తన గొర్రెలను తాను లెక్కపెట్టేవాడు కాదట. పక్క మందవాడు లెక్కపెట్టేవాడు, అతనివి ఈయన. "మన మందను మనమే లెక్కవెడితే తప్పిపోయిన గొర్రె గూడ కనవడ్తది బిడ్డా. కండ్లకు ఆశ ఉంటది" అనేవారు మేడం.

నేను మర్పల్లి పిల్లను. మా ఇంట్లో అంత చదువుకు వచ్చింది నేనే మొదలు. క్రిస్మస్‌కు ఇంటికి పోయేలోపు ఫలితం చేతిలో ఉండాలని తొందర. తోటి విద్యార్థి సెలవులో ఉండటంతో నా స్లైడ్లను నేనే లెక్కపెట్టుకున్నాను, లేబుళ్లు చూసుకుంటూనే. లేని అంకెలు రాయలేదు, సందేహం వచ్చిన చోటల్లా నాకు కావలసినట్టు చూశాను. ఆ ప్రోటీన్ లేకపోతే కణాలు సగం దారిలోనే ఆగిపోతాయని తేలింది. "పేర్లు మూసే చూసినవా?" అని మేడం అడిగితే అవునన్నట్టు తలూపాను. వ్యాసం అచ్చయింది, దాని బలంతోనే నాకు కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది.

తర్వాత వేరే ల్యాబులో ఇంకొకరు అదే ప్రయోగం చేస్తే కణాలు నిక్షేపంగా గమ్యం చేరాయి. మేడం నా పాత స్లైడ్లు తీయించి, లేబుళ్లు మూయించి, వారం రోజులు ఒక్కరే కూర్చుని లెక్కపెట్టారు. ఆ తర్వాత నన్ను పిలిపించారు.

"ఎట్ల లెక్కవెట్టినవ్?"

"పేర్లు చూసుకుంటనే, మేడం."

మేడం స్లైడ్ల పెట్టె మూసి పక్కన పెట్టారు. "ఈ ముచ్చట ఇంకెవ్వరికి చెప్పకు. నీ నౌకరి పోతది. నాదేం పోదు" అన్నారు.

వ్యాసాన్ని ఉపసంహరించుకుంటూ పత్రికకు రాసిన లేఖలో, లెక్కలు తాను సరిచూడలేదనీ, బాధ్యత పూర్తిగా తనదేననీ రాశారు. నాదేం పోదన్న మాట నిజం కాలేదు. ఆ తర్వాత ఆమె దగ్గర చేరడానికి విద్యార్థులు వెనకాడారు. పదవీ విరమణ నాటికి ఆ ల్యాబులో ఆమె ఒక్కరే గుడ్లు తిప్పుకుంటూ ఉండేవారు. ఆమె చేసింది కూడా సరికాదని నాకు ఒక్కోసారి కోపం వస్తుంది. నన్ను కాపాడి నాకు నోరు లేకుండా చేశారు.

విశ్రాంత జీవితం తాండూరులో గడిపారు. వికారాబాద్ నుంచి రైల్లో ఎంతసేపని, అయినా నేను వెళ్లింది తక్కువ. చివరిసారి పోయిన వానాకాలంలో వెళ్లి, "నిజం నేనే పత్రికకు రాస్త మేడం" అన్నాను.

"రాస్తే రాయి. నన్నడిగి రాసేదేంది?" అన్నారు, చాయ్ గ్లాసు చేతికిస్తూ.

అడిగి వచ్చాను గానీ రాయలేదు.

సంతాప సభలో ఒక పెద్దాయన, అంతటి మహనీయ జీవితంలో ఆ ఒక్క పొరపాటు జరగకుండా ఉండాల్సిందన్నాడు. నేను ముందు వరుసలోనే ఉన్నాను. లేవలేదు. ఇంటికి వచ్చాక మాత్రం కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

ఈ నివాళి అచ్చుకు పంపేముందే, మా పరిశోధన అచ్చయిన ఆ పత్రికకు లేఖ పంపాను. "ఆ కణాలను లెక్కపెట్టింది నేను. లేబుళ్లు చూసి లెక్కపెట్టి, చూడలేదని మా గురువుకు అబద్ధం చెప్పాను. ఆమె నన్ను నమ్మారు." ఇంతే. ఈ కాస్త రాయడానికి ఆమె చనిపోవాల్సి వచ్చిందంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

మేడం, మీ పాదాలకు నమస్కారం. నా ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. ఏం జరిగినా రైలెక్కి వచ్చి చెప్పుకుందామంటే, తాండూరులో నాకిప్పుడు ఎవరూ లేరు.