ప్రార్థనకు మొలిచిన తోక

తరగతి అంటే తరగని గతి అని తెనాలిలో ఆరో తరగతి చేతికిచ్చాక నాకు బోధపడింది. పిల్లలు ఏటా పాసై పైకి పోయేవాళ్ళు. పాఠం చెప్పే నేను మాత్రం అక్కడే డింకీ కొట్టేవాణ్ణి.

అరవైలు వెళ్ళి డెబ్బయిలు వస్తున్న రోజులు. అది కేథలిక్ ఫాదర్లు నడిపే హైస్కూలు. నేను లూథరన్‌ని, పైగా టెంపరరీని. రేపల్లెలో అమ్మ దగ్గర ఉంటూ తెల్లవారుజామున బండెక్కేవాణ్ణి. నా భార్య బాపట్లలో పుట్టింట్లో ఉండేది. ఉద్యోగం పర్మనెంటైతే తెనాలిలో ఒక గది తీసుకుని ఒక్కచోట ఉందామని మా ఆశ. అప్పటిదాకా మా కాపురం మూడు ఊళ్ళ మధ్య టిక్కెట్టు కొనుక్కుని తిరుగుతూ ఉండేది.

ఆరో తరగతికి ఇంగ్లీషు అక్షరాలు కొత్త. నందివెలుగు నుంచి నడిచొచ్చే పిల్లాడు పలక ఎత్తి చూపించేవాడు.

"సార్, బీకి పొట్ట ఇటాండి, అటాండి?"

"ముందు నీ పొట్టలో ఏమన్నా పడిందా?"

"చద్దన్నం తిన్నానండి. మీరు తిన్నారాండి?"

నేను తినేవాణ్ణి కాదు. అందుకని బీ పొట్ట సంగతే చూసేవాణ్ణి.

పాఠాలకు ముందు క్లాసు టీచరే ప్రార్థన చెప్పించాలి. ప్రభువు నేర్పిన ప్రార్థన వాళ్ళకూ మాకూ ఒక్కటే. కాకపోతే వాళ్ళు ఆమెన్ అనే చోట మేము ఆగం. రాజ్యం, బలం, మహిమ అంటూ ఇంకో వాక్యం సాగదీసి, 'నిరంతరము' దాకా పోయి అప్పుడు ఆగుతాం. చేరిన రోజే హెడ్మాస్టరు ఫాదర్ గారు మెత్తగా చెప్పారు: "మా దగ్గర ఆ తోక ఉండదు మాస్టారూ, గుర్తుంచుకోండి."

మెలకువగా ఉన్న రోజుల్లో గుర్తుంచుకున్నాను. రైలు దిగి, నడిచొచ్చి, ప్రార్థనకని కళ్ళు మూసుకున్నానా, నిద్ర తన దారిన వచ్చేది, నోరు చిన్నప్పటి దారిన పోయేది.

ఒక మార్చిలో పర్మనెంటు పోస్టు ఖాళీ అయింది. ఎవరికివ్వాలో తేల్చడానికి కరస్పాండెంటు గారు, అంటే స్కూలు పెత్తనం చూసే పెద్ద ఫాదరు, మా క్లాసులు చూడ్డానికి వచ్చారు. ఆ రోజు నేను కళ్ళు బాగా తెరిచే నిలబడ్డాను. ఆగాల్సిన చోట ఆగి, ఆమెన్ అన్నాను. పిల్లలు ఆగలేదు. చేలల్లో పిట్టల్ని తోలి తోలి రాటుదేలిన గొంతులవి. రాజ్యం దాటి, మహిమ దాటి, నిరంతరం దాకా ఒక్క స్టేషనులోనూ ఆగకుండా వెళ్ళిపోయారు.

పెద్ద ఫాదరు ముందు బెంచీ వైపు వంగారు. "ఇది ఎవరు నేర్పార్రా?"

"మా సారేనండి," అన్నాడు బీ పొట్ట పిల్లాడు, నాకు మేలు చేస్తున్నాననుకుని. "కళ్ళు మూసుకుని మరీ చెబుతారండి. ఊగుతారు కూడానండి. ఎంత భక్తోనండి!"

ఆయన నా వైపు తిరిగారు. "గొర్రె తోక బెత్తెడంటారు. మా గొర్రెలకి మీరు కాస్త పొడిగించారే మాస్టారూ," అని నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకేం చేయను?

సాయంత్రం హెడ్మాస్టరు గారు పిలిచారు. "ఆయనకి కోపం ఏం లేదండి. పోస్టు మాత్రం వేరే ఆయనకి వెళ్ళింది. మిమ్మల్ని ఇంకో ఏడాది ఉంచమన్నారు, టెంపరరీగానే."

"ఆరో తరగతేనాండి?"

"అదేనండి. ఆ తోక మీరే మరిపించాలి మరి."

నేర్పడానికి నిద్ర సరిపోయింది. మరిపించడానికి మెలకువ కావాలి. నిరంతరమంతా దేవుడి లెక్కలోకి పోగా నా వంతుకు ఒక ఏడాది వచ్చింది.

ఆదివారం బాపట్ల వెళ్ళాను. మా ఆవిడ అప్పటికే తెనాలి గదికని గిన్నెలన్నీ గోనెసంచిలో వేసి మూతి కట్టేసింది. జరిగింది చెప్పాను. పిల్లాడు నేను ఊగుతానన్న చోట పొట్ట పట్టుకుని నవ్వింది. కాసేపటికి వెళ్ళి సంచి ముందు కూర్చుంది.

"పప్పుగిన్నె ఇందులోనే ఉండిపోయిందండి. వంటకి కావాలి."

ముడి బాగా బిగిసింది. నేను కత్తిపీట కోసం లేవబోయాను.

"కొయ్యకండి," అంది. "తాడు మళ్ళీ పనికొస్తుంది."